ఉద్దానపు నూతులు: మడియు, శుద్ధియు

టెక్కలి దాటి ఉత్తరముగా పోవువారికి పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు ఒక ప్రక్క మహేంద్రగిరి శ్రేణియు, వేరొక ప్రక్క సముద్రమును తోడుగా వచ్చును. ఈ రెంటి నడుమ నున్న తోటల సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే జనుల నోట ఉద్దానమైనదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో నున్న యీ యూళ్ళను చూచిన బాటసారికి ఇచ్చట నీటికి ఇబ్బంది యుండునని తోచదు. తీరపుటిసుక నేలలలో కొలది లోతుననే నీరూరును. నుయ్యి త్రవ్వుకొనుట పేదవానికిని అసాధ్యము కాదు. కాని సులభముగా ఊరిన నీరు సులభముగనే చెడును. నేలపైని మాలిన్యమునకును, నేలలోని నీటికిని నడుమ నున్నది కొన్ని అడుగుల ఇసుక మాత్రమే. వాన ముంచెత్తినప్పుడు ఆ యడ్డము గూడ నిలువదు.

ఈ సీమ చరిత్రలో తుపానును, నూతిని, వాంతిభేదిని విడదీసి చెప్పుటకు వీలు లేదు. ఆ మూటి సంబంధమును ఈ వ్యాసమున విచారింప దలచితిని. విచారింపవలసిన ప్రశ్న యొక్కటే. మన పూర్వులు నూతిని కాపాడుకొనలేదా? కాపాడుకొనిరి. మిక్కిలి కట్టుదిట్టముగనే కాపాడుకొనిరి. అయితే, దేనినుండి కాపాడుకొనిరి?

తెలుగున అంటు అను మాటకు రెండర్థములు కలవు. తాకుటవలన కలుగునని తలచు మైల యొకటి. ఒకరినుండి యొకరికి ప్రాకు వ్యాధి రెండవది. అంటు కలిసెననిన మొదటి యర్థము, అంటువ్యాధి యనిన రెండవ యర్థము. ఒక్క మాటలో ఇమిడియున్న ఈ రెండును వేర్వేరు సంగతులని తెలిసికొనుటకు మన సంఘమునకు చాలకాలము పట్టెను. నూతిగట్టు మీద నడచిన చరిత్ర యంతయు ఈ రెంటిని ఒక్కటిగా భావించుటవలన కలిగినదే.

వాంతిభేది ఈ దేశమునకు క్రొత్త కాదు. అయినను 1817లో వంగదేశమునందలి జెస్సోరు ప్రాంతమున అది విజృంభించిన తీరు మునుపెన్నడు నెరుగనిది. మరుసటి యేడు, అనగా 1818లో, అది తూర్పుతీరము వెంబడి గంజాము మీదుగా దిగి మద్రాసును చేరెను. నేటి పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతములు నాడు గంజాము జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఇవి విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడగా అందు చేరెను. పూరీ జగన్నాథుని సేవకు దక్షిణదేశమునుండి పోవు యాత్రికులకు ఈ సీమయే దారి. 1890 దశాబ్దమున రైలుమార్గము పడువరకు వారు కాలినడకనో, బండ్లమీదనో పోవుచు, దారిలో దొరికిన నూతినీరును చెరువునీరును త్రాగుచు, ఆ నీటి యొడ్డుననే కాలకృత్యములు తీర్చుకొనుచు నడచిరి. 1866లో కాన్‌స్టాంటినోపిలు నగరమున కూడిన అంతర్జాతీయ ఆరోగ్యసభ హిందూదేశపు తీర్థయాత్రలను వాంతిభేది వ్యాప్తికి ముఖ్యకారణముగా నెంచెను. ఆ నింద యాత్రికుని భక్తిపై వేయదగినది కాదు. అతనికి త్రాగ శుభ్రమైన నీరును, కాలు మడచుటకు మరుగును ఏర్పరుపని పాలకులకును, సంఘమునకును అది చెందును.

వ్యాధి వచ్చినప్పుడు గ్రామస్థులు దానిని మరిడి యనిరి. అమ్మవారు కోపించినదని తలచి, జాతర చేసి, ఆమెను ఊరి పొలిమేర దాటించిరి. ఈ యాచారమును చూచి నవ్వుట సులభము. నవ్వుటకు ముందు ఒక సంగతి గమనింపవలెను. వ్యాధి ఎక్కడినుండియో వచ్చుననియు, ఒక యూరినుండి వేరొక యూరికి పోవుననియు ఆ పామరులు గ్రహించిరి. అదే కాలమున ప్రభుత్వపు ఆరోగ్యశాఖాధికారులలో పెద్దలు కొందరు వ్యాధి అంటుకొనునదియే కాదనియు, చెడుగాలివలనను, ఋతువువలనను దానంతట అది పుట్టుననియు పట్టుబట్టిరి. గ్రామస్థుడు ఆకాశమువైపు చేతులు జోడించెను. అధికారి గాలివంక చూచెను. ఇరువురును నూతిలోనికి తొంగిచూడలేదు.

తొంగిచూచిన మొదటివారిలో లండను వైద్యుడు జాన్ స్నో ప్రసిద్ధుడు. 1854లో ఆ నగరమున బ్రాడ్ వీథి ప్రాంతమున వాంతిభేది రేగగా, అతడు మరణించినవారి యిండ్లను పటముపై గుర్తించి, అవి యొక నీటిపంపు చుట్టును గుమిగూడియున్నట్లు చూపెను. పంపుపిడి తీసివేయించెను. సమీపమున నున్న మలకూపమునుండి మాలిన్యము ఆ నూతిలోనికి ఊరినట్లు పిమ్మట తేలెను. అయినను వ్యాధిబీజమేదో నాటికి నిశ్చయముగా తెలియదు. జర్మనీ దేశీయుడగు రాబర్టు కాక్ 1883లో ఐగుప్తమునను, 1884లో కలకత్తాలోను పరిశోధించి, కామా గుర్తువలె వంగియున్న సూక్ష్మజీవియే దీనికి కారణమని నిరూపించెను. కలకత్తాలో అతనికి ఆ సూక్ష్మజీవి దొరికిన స్థలములలో ఒకటి జనులు నీరు తెచ్చుకొను చెరువే. రోగిబట్టలు ఉతికిన నీటిని ప్రక్కయింటివారు త్రాగిరి. వ్యాధి ఆ దారిని నడచెను. ఇందు దేవత కోపమును లేదు, గాలి దోషమును లేదు. ఒకరి మలము వేరొకరి నోటికి చేరుటయే వ్యాధికి దారి. మాట కఠినమైనను నిజమింతే.

ఈ జ్ఞానము పుట్టిన పిమ్మట నూతిలో మందు వేయు పద్ధతి వచ్చెను. ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు పొటాషియం పర్మాంగనేటును నూతులలో కలుపుమని ప్రచారము చేసెను. నీరు ఊదారంగు తిరుగును. ఇది వాంతిభేది క్రిములను చంపును గాని తక్కిన క్రిములపై దాని శక్తి స్వల్పము. రంగును రుచియు మారుటచే జనులకును అది కంటగింపయ్యెను. పిమ్మట బ్లీచింగు పౌడరు దాని స్థానము నాక్రమించెను. చట్టము విషయమునను మన రాజధాని వెనుకబడలేదు. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టము ఈ దేశమున ఆ విధమైన చట్టములలో మొదటిది. త్రాగునీటి యేర్పాటును, దాని శుద్ధిని అది స్థానికసంస్థల విధిగా నిర్ణయించెను. శాస్త్రము వచ్చెను, మందు వచ్చెను, చట్టము వచ్చెను. నూతికడ మాత్రము పాత కాపలాయే నిలిచెను.

ఆ కాపలా ఎట్టిదో చదువరులకు విశదీకరింప నక్కరలేదు. ఒక కులమువారి నూతిలో వేరొక కులమువారు చేద వేయరాదు. పంచములనబడినవారు గట్టుక్రింద కడవతో నిలుచుండి, దయగలవారెవరైన తోడిపోయువరకు వేచియుండవలెను. వారికి వేరుగా నుయ్యి యున్నచో అది తరుచుగా ఊరి పల్లపు దిక్కున నుండును. వరద మొదట చొచ్చునదియు ఆ దిక్కుననే. మనిషి చేయి తాకిన నీరు చెడునని ఇంత జాగ్రత్త పడిన సంఘము, అదే నూతిగట్టుపై పసిపిల్లల గుడ్డలుతుకుటకు సందేహింపలేదు. గట్టుప్రక్కనే పశువులను కట్టివేయుటకును, పేడకుప్ప వేయుటకును సంకోచింపలేదు. నేలపై పడియున్న త్రాటిని అట్లే నీటిలోనికి విడుచుటకు వెనుదీయలేదు. చేతికి కాపలా యుండెను; మురుగునకు లేదు.

ఈ విపరీతము ఎంతవరకు పోగలదో మహారాష్ట్రమునందలి మహాడ్ పట్టణపు చరిత్ర తెలుపును. 1927 మార్చి 20వ తేదీన అంబేద్కరు వేలకొలది జనులతో చౌదారు చెరువునకు నడచి ఆ నీరు త్రాగెను. చెరువు మైలపడినదని తలచిన ఛాందసులు దానిని శుద్ధి చేయుటకై గోమయ గోమూత్రాదులు కలిపిన 108 కుండలను అందు కుమ్మరించిరి. సూక్ష్మదర్శిని చేతపట్టిన శాస్త్రజ్ఞుడు ఈ రెండు కార్యములను తూచిన నేమి చెప్పును? దోసిలితో నీరు త్రాగినవారివలన చెరువునకు గలిగిన హాని శూన్యము. శుద్ధిచేసినవారు కుమ్మరించినదే మాలిన్యము. మడికిని శుద్ధికిని గల దూరమును ఇంతకంటె స్పష్టముగా చూపు సంఘటన దుర్లభము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున నూతులు, చెరువులు, స్నానఘట్టముల విషయమున కులభేదమును నిషేధించి, 17వ అధికరణమున అస్పృశ్యతనే రద్దుచేసెను. న్యాయము కొఱకు చేసిన ఈ శాసనము ఆరోగ్యమునకును మేలే. ఏలయన, నీటికి కులము లేదు. ఇసుకనేలలో రెండు నూతులు పేరునకే రెండు. అడుగున పారు నీరొక్కటే.

ఇక తుపాను సంగతి. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురముకడ తీరము దాటి, ఈ సీమను గూడ దెబ్బతీసెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటెను; గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో, ఒక్కొక్కప్పుడు 165 వరకు వీచెను. ఏండ్లతరబడి పెంచిన కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలెను. వంశధారయు, బాహుదయు పొంగెను. తోటల నష్టమును లోకమంతయు చూచెను. కానరాని నష్టము నూతులలో జరిగెను. విద్యుత్తు స్తంభములు కూలి అనేక గ్రామములు దినములతరబడి చీకటిలో నుండగా, మోటారులు తిరుగక, కుళాయిలు ఎండిపోయెను. ఏ నూతులను పాతవని విడిచిరో ఆ నూతులకడకే జనులు మరల కడవలు గొనిపోవలసివచ్చెను.

వరద నూతిలో క్రొత్త విషమును సృష్టింపదు. మనము నేలపై విడిచినదానినే తెచ్చి మన కడవలో పోయును. గట్టు పొట్టిగా నున్నచో నీరు పైనుండి పొరలును. ఒరలు బీటలువారి యున్నచో ప్రక్కనుండి చొచ్చును. మలకూపములు నిండి పొంగును. చచ్చిన పశువులు కుళ్ళును. మరుగుదొడ్లు కట్టించుటతో ఆరోగ్యము వచ్చెనని సంతోషించు నేటి దినములలో ఇంకొక సంగతి మరువరాదు: నీటిమట్టము పైకి వచ్చు ఇసుకనేలలో, నూతి ప్రక్కనే త్రవ్విన మరుగుదొడ్డి గుంట, బహిర్భూమికంటె ఎక్కువ అపాయకరము కాగలదు. నూతికిని ఇట్టి గుంటకును నడుమ కనీసము 50 అడుగుల దూర ముండవలెనని ఆరోగ్యశాస్త్రగ్రంథములు విధించుచున్నవి. ఇసుక మిక్కిలి వదులుగా నున్నచో అదియు చాలకపోవచ్చును.

నీరు తేటగా నున్నది గదాయని కొందరందురు. తేటదనము శుద్ధికి సాక్ష్యము కాదు. ప్రతి వ్యాధిక్రిమిని వెదకి పట్టుట కష్టము గనుక, శాస్త్రజ్ఞులు మనుష్యుల, పశువుల ప్రేగులలో సహజముగా నుండు ఎషెరిషియా కోలై అను సూక్ష్మజీవిని గుర్తుగా పెట్టుకొనిరి. 1885లో ఎషెరిక్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. అది నీటిలో నున్నదనిన మలము నీటిలో చేరినదని యర్థము. త్రాగునీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్కటియైన కానరాకూడదని నేటి ప్రమాణము. ఈ పరీక్షకు గొప్ప ప్రయోగశాలయే యుండ నక్కరలేదు. 1982లో గ్వాలియరు శాస్త్రజ్ఞులగు మంజా, మౌర్య, రావులు ఒక చిన్న సీసాపరీక్షను ప్రకటించిరి. మందు పూసిన కాగితమున్న సీసాలో నీరుపోసి వెచ్చగా నుంచినయెడల, మలమాలిన్య మున్న నీరు 12 మొదలు 18 గంటలలో నల్లబడును. అక్షరము రాని గృహిణియు చదువగల ఫలితమిది. ఊరి నూతినీరు తన కన్నులయెదుట నల్లబడుటను చూచిన స్త్రీకి వేరు ఉపన్యాసముతో పనిలేదు.

మందు వేయుటయు కొలతతో చేయవలసిన పని. తుపాను పిమ్మట ఎవరో వచ్చి చేతికి వచ్చినంత పొడి నూతిలో చల్లిపోవుట తరుచు జరుగునది. నూతి వ్యాసమును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే గుణించి, నీటిలోతుతో గుణించి, 3.14తో గుణించి, నాలుగుచే భాగించినయెడల ఘనమీటర్లు వచ్చును. ఒక్కొక్క ఘనమీటరు వేయి లీటర్లు. వేయి లీటర్లకు మంచి బ్లీచింగు పౌడరు సుమారు రెండున్నర గ్రాములు కావలెను. రెండు మీటర్ల వ్యాసమును, మూడు మీటర్ల నీటిలోతును గల నూతిలో 9,420 లీటర్ల నీరుండును. దానికి సుమారు 24 గ్రాములు చాలును. ఇది తేటనీటి లెక్క. బురదనీరు మందును మ్రింగును గనుక వరదనీటికి ఇంకను ఎక్కువ కావలెను; ఎంతయో పరీక్షించి తెలిసికొనవలెను. పొడిని బకెట్టులో నీటితో కలిపి, సున్నపుతేట దిగిన పిదప పైతేటను నూతిలో దింపి కలియబెట్టవలెను. గంటసేపు చేద వేయరాదు. గంట గడచిన తరువాత లీటరునకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియున్నచో పని నెరవేరినట్లు. మూతలేని డబ్బాలో నెలలతరబడి మ్రగ్గిన పొడి సున్నముతో సమానము. ఇంత చేసినను, మురుగుత్రాడు మరుసటిదినము నూతిలో పడినచో రాత్రి పడిన శ్రమ తెల్లవారులోగా వ్యర్థమగును. అందుచేత వరద దినములలో ఇంటికడ నీరు తెరలకాచి త్రాగుట యుత్తమము.

వ్యాధి వచ్చినవారి విషయమునను చరిత్ర మనకు గొప్ప ధైర్యమిచ్చుచున్నది. 1959లో కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ డే ఈ వ్యాధిలో ప్రాణము తీయునది క్రిమి విడుచు విషమనియు, దానివలన ప్రేగులలోనికి నీరు స్రవించుననియు చూపెను. పోయిన నీటిని, ఉప్పును మరల నిచ్చుటయే ప్రాణరక్షణము. 1971లో బంగ్లాదేశపు కాందిశీకులు నిండిన బన్‌గావ్ శిబిరమున దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటిద్వారా త్రాగించి, నూటికి 30 వరకునున్న మరణములను నాలుగింటికి లోపునకు తగ్గించెను. ఒక లీటరు శుభ్రమైన నీటికి ఆరు తలకొట్టు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. నౌపడాలో ఉప్పు పండించు ఈ సీమలో బిడ్డ యొక్కతె విరేచనములతో ఎండిపోయి మరణించినచో, అది ఉప్పు లేకపోవుటచే కాదు, ఈ సంగతి ఆ తల్లికి చెప్పువారు లేకపోవుటచేతనే.

ఉద్దానమను మాట వినినంతనే నేడు లోకమునకు స్ఫురించునది మూత్రపిండముల వ్యాధి. వేల కుటుంబములను అది క్రుంగదీసినది. దాని మూలకారణమును శాస్త్రము ఇంకను తేల్చలేదు. దానిని నూతిలోని క్రిములకు అంటగట్టుట తగదు. అయితే ఆ భయమే నీటివంక ప్రభుత్వముల దృష్టిని త్రిప్పెను. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని 807 గ్రామములకు గొట్టములలో తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల మూత్రపిండవ్యాధుల ఆసుపత్రియు 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభమయ్యెను. ఇవి సంతోషింపదగిన కార్యములే. కాని క్రొత్త భయము పాత భయమును మరపింపరాదు. 2024 అక్టోబరులో పొరుగున నున్న విజయనగరము జిల్లాలోని గుర్లలో అతిసారము ప్రబలి జనులు ప్రాణములు గోల్పోయిరి. జాన్ స్నో పటము గీసి 170 ఏండ్లు గడచిన పిమ్మట జరిగిన సంగతి యిది. గొట్టము వచ్చినంతమాత్రమున నుయ్యి అక్కరలేదని తలచి దానిని చెత్తకుండిగా మార్చువారు, తుపానురాత్రి తాము దేనికొఱకు పరుగెత్తుదురో ఆలోచింపవలెను. గొట్టము నిత్యావసరమునకు; నుయ్యి ఆపత్కాలమునకు. ఆపత్కాలపు స్నేహితుని కలిమినాడు విడుచుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

కావున చేయవలసినది అసాధ్యము కాదు. ప్రతి నూతికి నడుమెత్తు గట్టు, చుట్టును మూడడుగుల సిమెంటు చపటా, అందుండి మురుగు దూరముగా పోవుటకు కాలువ, ఇరువదియడుగుల లోతువరకు నీరు జొరనిబిడువని ఒరలు, పైన మూత, వీలయిన చేతిపంపు. ఇవి ఏ పంచాయతీకిని మించిన వ్యయములు కావు. ఫైలిన్ వచ్చినది దుర్గాష్టమినాడు. తిత్లీ వచ్చినదియు శరన్నవరాత్రులలోనే. దసరాకు ఆయుధములను తుడిచి పూజించు ఆచారము మనకు కలదు. అంతకు ముందే, భాద్రపదములో, ఊరివారందరును కులభేదము లేక ఒక్కదినము కూడి, ప్రతి నూతిగట్టును పరీక్షించి, బీటలు పూడ్చి, మంచి మందుడబ్బాను, కొలకర్రను ఊరిలో సిద్ధముగా నుంచుకొనినయెడల, తుపానునకు ముందు చేసిన పూజ అదియే యగును. పల్లపు దిక్కుననున్న నూతితో ఆ పని మొదలిడవలెను. వరదయు అక్కడనే మొదలిడును.

మన పూర్వులకు నూతిపై శ్రద్ధ లేకపోలేదు. ఆ శ్రద్ధ తప్పుదారిని పోయెను. అదే పట్టుదలను సరియైన దారికి మళ్ళించుట మన వంతు. నూతికడకు ఎవరు వచ్చిరని విచారించు కాలము గడచినది. నూతిలోనికి ఏమి వచ్చినదని విచారింపవలెను.